మన సిటీకి వచ్చే ఫెడరల్ ఇళ్ల నిధులు: ఆడిట్ రిపోర్టులో ఏం చూడాలి?

కృష్ణాతీరం (డాలస్ దగ్గర)

అందరికీ నమస్కారం. మా సిటీ కౌన్సిల్ ఈ ఏడాది నన్ను సీడీబీజీ సలహా కమిటీలో వేసింది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సీడీబీజీ అంటే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. 1974 చట్టంతో మొదలైంది. అమెరికా గృహనిర్మాణ శాఖ, అంటే అందరూ హడ్ అనే శాఖ, 50 వేల జనాభా దాటిన నగరాలకు, 2 లక్షలు దాటిన అర్బన్ కౌంటీలకు ఏటా నేరుగా ఇచ్చే డబ్బు ఇది. ఇందులో కనీసం 70 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లకే ఉపయోగపడాలి.

మా సిటీ ఈ డబ్బులో కొంత ఒక స్వచ్ఛంద సంస్థకు ఇచ్చి, పేద వృద్ధుల ఇళ్లకు పైకప్పులు, ప్లంబింగ్ బాగు చేయిస్తోంది. ఈసారి ఆడిట్ రిపోర్టులో దాని మీద ఒక ఫైండింగ్, అంటే ఆడిటర్ల అభ్యంతరం, వచ్చింది. లబ్ధిదారుల ఆదాయ పత్రాలు కొన్ని ఫైళ్లలో లేవట, అంత మేరకు క్వశ్చన్డ్ కాస్ట్, అంటే సరైనదో కాదో తేలని ఖర్చు, అని రాశారు. మీటింగ్‌లో అడిగితే సిబ్బంది "పేపర్‌వర్క్ విషయమే, సరిచేస్తాం" అన్నారు. నిజంగా అంతేనా? నేను వృత్తిరీత్యా టీచర్‌ని, ఇవన్నీ కొత్త. రిపోర్టు ఎక్కడినుంచి చదవాలి, ఏం అడిగితే అసలు సంగతి బయటపడుతుంది? ఆ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

పద్దుపుస్తకం (ఒహాయో)

నమస్కారమండీ. నేను సీపీఏని, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌ని. నగరాలకు సింగిల్ ఆడిట్‌లు (ఫెడరల్ నిధులన్నిటికీ కలిపి చేసే ఒకే ఆడిట్) చేసే ఫర్మ్‌లో ఉన్నాను.

ఒక ఏడాదిలో ఇంత మొత్తం దాటి ఫెడరల్ డబ్బు ఖర్చు చేసిన ప్రతి నగరం, కౌంటీ, స్వచ్ఛంద సంస్థా సింగిల్ ఆడిట్ చేయించుకోవాలి. ఆ హద్దు చాలాకాలం 7,50,000 డాలర్లు ఉండేది. 2024 అక్టోబర్ 1 తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాలకు 10 లక్షల డాలర్లు చేశారు. దీనికి తగ్గిన చిన్న సంస్థల మీద ఈ ఆడిట్ అసలు లేదు. మీ వృద్ధుల ఇళ్లు బాగుచేసే సంస్థ అలాంటిదే కావచ్చు. అప్పుడు వాళ్ల లెక్కలు చూసే బాధ్యత పూర్తిగా సిటీదే.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. సింగిల్ ఆడిట్ అంటే సిటీకి వచ్చిన ప్రతి ఫెడరల్ పథకాన్నీ తవ్వి చూస్తారని కాదు. ఖర్చయిన డబ్బు ఎంత, రిస్క్ ఎంత అన్నది లెక్కగట్టి కొన్నింటిని మేజర్ ప్రోగ్రామ్స్‌గా ఎంచుకుంటాం, వాటినే లోతుగా చూస్తాం. సిటీకి ఎయిర్‌పోర్ట్ గ్రాంటో, బస్సుల గ్రాంటో పెద్దది ఉంటే సీడీబీజీ కొన్నేళ్లపాటు మా చేతికే రాకపోవచ్చు. ఆ ఏళ్లలో రిపోర్టు క్లీన్‌గా ఉంటుంది. దాన్ని చూపించి "మా ఇళ్ల పథకం మీద ఒక్క అభ్యంతరం కూడా లేదు" అనడం సరికాదు. ఎవరూ చూడలేదు కాబట్టి లేదు. అందుకే ముందు ఫైండింగ్స్ షెడ్యూల్ మొదటి పేజీ తెరవండి. ఏ పథకాలు మేజర్‌గా తీసుకున్నారో అక్కడ నంబర్లతో సహా ఉంటుంది. మీ సీడీబీజీ నంబర్ 14.218. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల కోసం హడ్ ఇచ్చే ఇంకో గ్రాంటు, హోమ్ పథకానిది 14.239.

తర్వాత పాత ఫైండింగ్స్ స్థితి చెప్పే పట్టిక చూడండి. ఇదే ఫైండింగ్ నిరుడు, అంతకుముందు కూడా ఉంటే సిటీ మాట నమ్మడం కష్టం. పాత రిపోర్టులన్నీ ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్‌హౌస్ సైట్లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. 2023 అక్టోబర్ నుంచి ఆ సైట్‌ను జీఎస్‌ఏ అనే ఫెడరల్ సంస్థ నడుపుతోంది.

వానచినుకు (నార్త్ కరోలినా)

నేను ఒక కౌంటీ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఆఫీసులో పనిచేస్తాను. అవతలి పక్కన కూర్చునేదాన్ని కాబట్టి ఆ వైపు కూడా వినండి.

ఒక ముసలామె ఇంటి పైకప్పు మార్చాలంటే మా ఫైల్లో ఏం ఉండాలో తెలుసా? ఆమె ఆదాయం ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపే అన్నదానికి రుజువు. ఇల్లు ఆమెదే అన్న పత్రం. పర్యావరణ సమీక్ష, అదీ డబ్బు కట్టుబడక ముందే. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే సీసం రంగు తనిఖీ. పని అంచనా, కాంట్రాక్టర్ల కొటేషన్లు, ముందు ఫొటో, తర్వాత ఫొటో, చివరి తనిఖీ. ఆ తర్వాతే ఐడిస్ అనే హడ్ కంప్యూటర్ సిస్టమ్‌లో బిల్లు పెట్టి డబ్బు తీసుకుంటాం. ఇంత చేసేది చాలాచోట్ల ఒకరో ఇద్దరో మనుషులు. పాలనా ఖర్చులకు గ్రాంటులో 20 శాతానికి మించి వాడకూడదు, అందులోనే ప్లానింగ్ కూడా.

ఇంకోవైపు గడువు టెన్షన్. ప్రోగ్రామ్ ఏడాది ముగియడానికి 60 రోజుల ముందు హడ్ లెక్క చూస్తుంది. ఆ రోజుకి మన ఖాతాలో ఖర్చు కాని డబ్బు ఏడాది గ్రాంటుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. దాటితే తర్వాతి గ్రాంటు తగ్గించే అధికారం హడ్‌కి ఉంది. అందుకని ఆ తేదీ దగ్గరపడే కొద్దీ తొందరగా డబ్బు వెళ్లిపోయే పనులు వెతుకుతారు. రోడ్డు పక్క ఫుట్‌పాత్ ఒక్క బిల్లుతో అయిపోతుంది. అదే డబ్బుతో పదిహేను ఇళ్లు బాగుచేయాలంటే పదిహేను ఫైళ్లు, అన్నీ ఆడిట్‌కి దొరికేవే. ఏది ఎంచుకుంటారో మీరే ఊహించండి. ఆడిట్ భయం వల్ల ఇళ్ల డబ్బు కాంక్రీటు పాలైపోవడం నేను కళ్లారా చూస్తున్నాను. ఇది నన్ను చాలా బాధిస్తుంది.

కృష్ణాతీరం గారూ, పత్రం లేదన్నంత మాత్రాన దొంగతనం జరిగినట్టు కాదు. దయచేసి మీటింగ్‌లో ఆ సంస్థను దొంగల్లా నిలబెట్టకండి.

తూర్పుగాలి (మేరీల్యాండ్)

వానచినుకు గారి మాటను గౌరవిస్తాను. కానీ అటువైపు మరీ ఒరగకూడదు. 2011లో వాషింగ్టన్ పోస్ట్ హోమ్ పథకం మీద వరస కథనాలు వేసినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. బిల్డర్లకు డబ్బు వెళ్లిపోయింది, స్థలాల్లో ఏళ్ల తరబడి గడ్డి మొలిచి ఉంది. సిస్టమ్‌లో మాత్రం ప్రాజెక్టులు నడుస్తున్నట్టే కనిపించాయి. హడ్ 2013లో రూల్ మార్చి, నాలుగేళ్లలో పూర్తికాని ప్రాజెక్టు డబ్బు వెనక్కి కట్టాలని పెట్టాల్సి వచ్చింది. ఆ స్థలాలు రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా కనిపించేవే. పత్రికవాళ్లు ఉపగ్రహ చిత్రాలు పెట్టి వెతికేదాకా ఎవరికీ పట్టలేదు.

కాబట్టి ఆడిట్ ఎక్కువైందని కాదు నా అభిప్రాయం. చూడాల్సినచోట చూడటం లేదు, అదీ సమస్య. హడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్, అంటే ఆ శాఖ లెక్కలు స్వతంత్రంగా తనిఖీ చేసే ఆఫీసు, రిపోర్టులు చదివితే తేడా అర్థమవుతుంది. వాళ్లు డబ్బును ముఖ్యంగా మూడు రకాలుగా విడదీస్తారు. రూల్ ప్రకారం అసలు పెట్టకూడని ఖర్చు ఒకటి. రుజువు చూపించలేని ఖర్చు రెండోది. ఇంకా ఖర్చుకాలేదు, దీన్ని మెరుగ్గా వాడుకోవచ్చు అనేది మూడోది. మీ సిటీ ఫైండింగ్ రెండో రకం. పత్రం దొరికితే పోతుంది. దొరక్కపోతే మొదటి రకం అవుతుంది.

బయూ_ఒడ్డు (లూసియానా)

రుజువు చూపించలేని ఖర్చు అన్నారు కదా, ఆ మాట మా రాష్ట్రంలో ఎంతమంది నెత్తిన పడిందో చెప్తాను.

2005లో కత్రినా తర్వాత విపత్తు సీడీబీజీ నిధులతో రోడ్ హోమ్ అనే పథకం పెట్టారు. కూలిన ఇంటికి సాయం ఎంత ఇవ్వాలన్నది, తుఫానుకు ముందు ఇంటి విలువ, తిరిగి కట్టే ఖర్చు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీద లెక్కగట్టారు. నల్లవాళ్ల పేటల్లో ఇళ్ల విలువ తక్కువ. కట్టే ఖర్చు మాత్రం అందరికీ ఒకటే. దాంతో వాళ్లకు వచ్చిన డబ్బు గోడలకే చాలలేదు. ఆ లెక్క వివక్ష అని కేసు వేస్తే 2011లో రాజీ కుదిరింది.

అదే పథకంలో ఇల్లు వరద మట్టం పైకి ఎత్తించుకోవడానికి విడిగా 30 వేల డాలర్ల వరకు ఇచ్చారు. మూడేళ్లలో ఎత్తించాలన్నది షరతు. చాలామంది ఆ డబ్బు కూడా రిపేర్లకే పెట్టేశారు, ఎందుకంటే పైకప్పు లేని ఇంటిని ఎత్తి ఏం చేస్తారు? అలా వాడుకోవచ్చని ప్రోగ్రామ్ మనుషులే చెప్పారని ఎంతోమంది అన్నారు. 2013లో హడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టు వచ్చింది: 24,042 ఇళ్ల విషయంలో ఎత్తించినట్టు సరైన రుజువు లేదు, మొత్తం 69.85 కోట్ల డాలర్లు. హడ్ రాష్ట్రాన్ని అడిగింది. రాష్ట్రం ఇంటివాళ్ల మీద పడింది. ముసలివాళ్లకు, విధవలకు కోర్టు నోటీసులు వచ్చాయి. కొందరి ఇళ్ల మీద దావా తీర్పులు ఎక్కాయి. స్థానిక విలేకరులు ఈ కేసులను బయటపెట్టాక, 2023 ఫిబ్రవరిలో హడ్, రాష్ట్రం కలిసి ఆ దావాలన్నీ వదిలేస్తున్నామని ప్రకటించాయి. పదేళ్ల పాటు ఆ కుటుంబాలు పడిన దిగులు ఏ ఆడిట్ పట్టికలోనూ ఉండదు.

నేను ఆడిట్‌ని తప్పుపట్టడం లేదు. ఇన్‌స్పెక్టర్ జనరల్ అడిగిన ప్రశ్న సరైనదే. పథకం వేసినవాళ్ల లోపానికి జవాబు చెప్పమని చివరి మనిషిని నిలబెట్టారు, అది అన్యాయం. కృష్ణాతీరం గారూ, మీ మీటింగ్‌లో ఒక్కటి తప్పకుండా అడగండి: ఈ డబ్బు వెనక్కి కట్టాల్సి వస్తే ఎవరు కడతారు?

పద్దుపుస్తకం

దానికి జవాబు ఉందండీ. అర్హత లేని ఖర్చని తేలితే సిటీ తన సొంత డబ్బుతో, అంటే ఫెడరల్ కాని డబ్బుతో, పథకం ఖాతాకి తిరిగి జమ చేయాలి. మామూలుగా జనరల్ ఫండ్ నుంచి పోతుంది. సంస్థతో రాసుకున్న ఒప్పందంలో ఉంటే సిటీ వాళ్లనుంచి రాబట్టుకోవచ్చు. పైకప్పు వేయించుకున్న ఇంటావిడ నుంచి వసూలు చేసే నిబంధన ఏదైనా ఆ ఒప్పందంలోనో, ఆవిడ సంతకం పెట్టిన కాగితంలోనో ఉందేమో మీరే చదవండి.

బాపట్ల_ఆడిట్ (ఎడిసన్, అమ్మాయి దగ్గరికి వచ్చాను)

అందరికీ ఆశీస్సులు. నేను ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఆడిట్ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను. పంచాయతీలు, మున్సిపాలిటీల లెక్కలే జీవితమంతా చూశాను. అమ్మాయి ఈ చర్చ చూపించింది. దేశం వేరైనా సమస్య ఒకటే అనిపించి రాస్తున్నాను.

మా దగ్గర కేంద్రం నిధులు వస్తే చివరికి ఒక యూసీ పంపాలి, యుటిలైజేషన్ సర్టిఫికెట్. యూసీ వెళ్లింది అంటే ఖర్చయింది అని లెక్క, తర్వాతి విడత విడుదల అవుతుంది. మేం వెళ్లి వోచర్లు, ఎం-బుక్కులు (పని కొలతలు రాసే పుస్తకాలు), క్యాష్‌బుక్ చూసి పేరాలు, అంటే అభ్యంతరాలు, రాస్తాం. వోచర్ లేదు, పేరా. టెండర్ పిలవలేదు, పేరా. ఆ పేరాలు ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉంటాయి. రాసిన అధికారి బదిలీ అవుతాడు, జవాబు చెప్పాల్సినవాడు రిటైర్ అవుతాడు. చట్టంలో సర్‌ఛార్జి ఉంది, నష్టం చేసినవాడి నుంచి రాబట్టవచ్చు. అయితే అది తేలేటప్పటికి ఎంత ఆలస్యమవుతుందో ఈ శాఖలో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు.

నేను గట్టిగా నమ్మేది ఇది. ఎం-బుక్కులో కొలతలు ఎంత చక్కగా ఉన్నా సైటుకి వెళ్లి టేపు పట్టనిదే సంతకం పెట్టకూడదు. నా కింద పనిచేసిన కుర్రాళ్లకు అదే చెప్పేవాడిని. ఇప్పుడు ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పునాది, గోడలు, స్లాబు, ఒక్కో దశకీ ఫొటో తీసి జియో ట్యాగ్ చేస్తేనే తర్వాతి విడత పడుతోంది. ఇది మంచి మార్పు. మీ అమెరికా ఫైళ్లలో ముందు ఫొటో, తర్వాత ఫొటో ఉంటాయని వానచినుకు అమ్మాయి రాసింది. ఆ ఫొటోలను ఎవరైనా ఇంటితో సరిపోల్చి చూశారా, అది అడగండమ్మా.

రాయలసీమ_రచ్చబండ (అనంతపురం)

ఆడిట్ సార్ చెప్పిన దానికి నాదొక మాట. నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీలో గ్రామ స్థాయిలో పనిచేసినాను. 2006లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఇది పెద్ద ఎత్తున మొదలైంది. 2009లో దాని కోసం విడిగా సొసైటీ పెట్టినారు, పనిచేయించే శాఖ కింద తనిఖీ చేసేవాళ్లు ఉండకూడదని.

మేం ముందు మండలాఫీసులో మస్టర్ల (కూలీల హాజరు పట్టికల) కాపీలు తీసుకుంటాం. ఊళ్లోకి పోయి ఇల్లిల్లూ తిరిగి, "నీ పేరు మీద ఇన్ని రోజులు పని, ఇంత కూలి అని రాసుంది, వచ్చిందా?" అని అడుగుతాం. తర్వాత గ్రామసభలో అందరి ముందూ గట్టిగా చదువుతాం. చనిపోయినవాళ్ల పేర్లు, ఊరొదిలి పోయినవాళ్ల పేర్లు అక్కడే బయటపడతాయి. ఏ ఆఫీసులో కూర్చున్నా ఆ పేర్లు దొరకవు. చదువురాని అవ్వ కూడా ఆడిటర్ అవుతుంది ఆ రోజు.

అక్కా, మీ దగ్గర వృద్ధుల ఇళ్లు బాగుచేసినారు కదా. ఆదాయ పత్రం ఫైల్లో లేకపోతే ఏమైంది, ఆ అవ్వ ఇంట్లోనే ఉంటుంది కదా. ఎవరైనా పోయి అడగొచ్చు కదా. ఆమె నిజంగా పేదదే అయితే పత్రం మళ్లీ తెచ్చుకోవచ్చు. పైకప్పు వేయకుండానే బిల్లు పెట్టింటే అదీ అక్కడే తెలుస్తుంది. రెండు నిజాలూ ఒకే గడపలో ఉన్నాయి.

పద్దుపుస్తకం

రచ్చబండ గారి మాట నాకు నచ్చింది, కానీ ఇక్కడ రెండు అడ్డంకులు. ఒకటి, లబ్ధిదారుల ఆదాయ వివరాలు వ్యక్తిగతం. మీటింగ్‌లో పేర్లు చదివితే ఆ వృద్ధులే అవమానపడతారు, రేపటినుంచి సాయం అడగడం మానేస్తారు. రెండు, మాకు గంటల లెక్కన బడ్జెట్ ఉంటుంది. శాంపిల్ తీసిన ఫైళ్లలో కొన్నింటికి ఇంటికి వెళ్లే సందర్భాలు ఉంటాయి గానీ అది ప్రతిచోటా జరగదు. ఇంటికి వెళ్లాల్సింది అసలు సిటీ మానిటరింగ్ సిబ్బంది. ఏ సంస్థను ఎప్పుడు తనిఖీ చేశారో, ఏం రాశారో సిటీ దగ్గర ఉండాలి. మీ రిపోర్టులో ఆ ఫైండింగ్‌కి కారణం అన్న పేరా చూడండి. "సిటీ మానిటరింగ్ చేయలేదు" అని ఉంటే తప్పు సంస్థది కాదు, సిటీది.

హడ్సన్_వాసి (న్యూయార్క్)

అందరూ ఖర్చు రసీదుల గురించే మాట్లాడుతున్నారు. ఈ డబ్బు తీసుకునేటప్పుడు సిటీ పెట్టే సంతకాల గురించి కూడా చూడండి. ఏటా సిటీ ఒక ధ్రువీకరణ ఇస్తుంది, ఇళ్ల విషయంలో వివక్ష లేకుండా చూస్తాం అని. మా పక్కనే వెస్ట్‌చెస్టర్ కౌంటీ 2000 నుంచి 2006 వరకు 5 కోట్ల డాలర్లకు పైగా హడ్ నిధులు తీసుకుంది, ప్రతిసారీ ఈ సంతకం పెట్టింది. రసీదులన్నీ సరిగానే ఉండి ఉండవచ్చు. కానీ జాతి పరంగా తమ ఊళ్లు ఎలా విడిపోయి ఉన్నాయో ఆ కౌంటీ పరిశీలించనేలేదు. ఒక పౌర సంస్థ తప్పుడు క్లెయిముల చట్టం (అబద్ధం చెప్పి ప్రభుత్వ డబ్బు తీసుకున్నవాళ్ల మీద వాడే చట్టం) కింద దావా వేస్తే 2009 ఫిబ్రవరిలో జడ్జి ఆ ధ్రువీకరణలు అబద్ధమని తేల్చారు. ఆగస్టులో 6.25 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో 750 ఇళ్లు కట్టిస్తామని ఒప్పుకున్నారు.

ఆ సంతకం అబద్ధమని అన్నేళ్లలో ఏ ఆడిటరూ రాయలేదు. కృష్ణాతీరం గారూ, మీ సబర్బ్‌లో సీడీబీజీ డబ్బు ఏ వీధుల్లో పడుతోందో ఒక మ్యాప్ అడిగి తీసుకోండి. ఒక ప్రాంతానికంతా ఉపయోగపడే పనైతే అక్కడ కనీసం 51 శాతం మంది తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లు ఉండాలి. కొన్ని సంపన్న నగరాలకు దీనికి మినహాయింపు ఉంది, తక్కువ శాతానికే సరిపెడతారు. మీది ఆ కోవలోదేమో అది కూడా అడగండి.

కృష్ణాతీరం

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న సాయంత్రం కమిటీ మీటింగ్ అయింది. మీరు చెప్పినట్టే అడిగాను.

మేజర్ ప్రోగ్రామ్స్ పేజీ పాత రిపోర్టుల్లో కూడా చూశాను. అంతకు ముందు రెండేళ్లు సీడీబీజీ అందులో లేనే లేదు. ఈసారి చూశారు, చూడగానే ఇది బయటపడింది. ఈ మాట చెప్పినప్పుడు కమిటీలో చాలామంది ఆశ్చర్యపోయారు, ఇన్నేళ్లూ క్లీన్ రిపోర్టు అంటే అంతా బాగుందనే అనుకున్నారు.

మానిటరింగ్ గురించి అడిగితే సంస్థ దగ్గరికి ఎవరూ వెళ్లలేదని ఒప్పుకున్నారు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉందట. ఇంటివాళ్ల నుంచి ఏమీ వసూలు చేయబోమని సిటీ అటార్నీ చెప్పారు. పత్రాలు దొరకని ఇళ్లకు సిబ్బందే వెళ్లి ఆదాయ వివరాలు మళ్లీ తీసుకుంటారు, పని జరిగిందో లేదో కూడా చూసి వస్తారు. పేర్లు బయటపెట్టకుండా ఎన్ని ఇళ్లు చూశారు, ఏం తేలింది అన్నది మాకు చెప్పాలని కోరాను, సరే అన్నారు. మ్యాప్ మాత్రం ఇంకా ఇవ్వలేదు.

వానచినుకు గారూ, ఆ సంస్థ నడిపే ఆవిడ మీటింగ్‌కి వచ్చింది. ఆమె మీద ఎవరూ గట్టిగా మాట్లాడకుండా చూశాను.

వానచినుకు

చాలా సంతోషం అండీ. ఒక్క సంగతి. నోటిమాట మీద వదిలేయకండి. ప్రోగ్రామ్ ఏడాది ముగిసిన 90 రోజుల్లో సిటీ కేపర్ అనే వార్షిక నివేదిక హడ్‌కి పంపాలి. పంపే ముందు కనీసం 15 రోజులు ప్రజల అభిప్రాయాల కోసం పెట్టాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశం నివేదికకు జతచేయాలి. మ్యాప్ గురించి, ఖాళీగా ఉన్న మానిటరింగ్ ఉద్యోగం గురించి, ఇళ్ల తనిఖీ ఫలితం గురించి అప్పుడు రాతపూర్వకంగా ఇవ్వండి. కమిటీ సభ్యురాలిగానే కాదు, ఊళ్లో ఉండే మనిషిగా ఎవరైనా ఇవ్వొచ్చు. మీ వీధిలో మన తెలుగువాళ్లు నలుగురుంటే నలుగురితోనూ రాయించండి.